శాంపిల్ టేబుల్ కిట్ రివ్యూ: ఫోటోకి బాగుంటుంది, వంటకి కాదు

శని, ఆదివారాల్లో సూపర్ మార్కెట్లో నిలబడి నూడుల్సో, టీయో, కొత్తరకం పొడో జనానికి రుచి చూపించే పార్ట్ టైమ్ పనికి ఒప్పుకుంటే ఏజెన్సీ పొద్దున్నే ఒక పెద్ద సంచీ అప్పజెబుతుంది. మడత టేబుల్, టేబుల్ మీద కడ్డీలతో నిలబెట్టే బ్రాండ్ పేరున్న బోర్డు (హెడర్), ఇండక్షన్ స్టవ్, ఒక గిన్నె, గరిటె, పేపర్ కప్పులు, టూత్‌పిక్‌లు, పాలిథిన్ గ్లౌజులు, తలకి టోపీ, టీషర్టు. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఏ ఏజెన్సీ సంచీ విప్పినా కాస్త అటూ ఇటూగా ఇదే సరుకు. అందుకే ఇది ఫలానా కంపెనీ మీద రాసిన రివ్యూ కాదు, ఆ సంచీ మీద రాసింది.

మార్కులు ముందే చెప్పేస్తే, ఐదుకి రెండున్నర. బిస్కెట్లు, చిప్స్ లాంటి పొడి సరుకు పంచడానికైతే నాలుగు ఇవ్వొచ్చు. పొయ్యి వెలిగించాల్సి వస్తే ఒకటిన్నరకి పడిపోతుంది. కారణం ఒకటే. ఈ కిట్‌ని కొనేవాళ్లు దాన్ని వాడరు. రోజుకి రెండు మూడుసార్లు సూపర్వైజర్ గ్రూపులో పడే ఫోటోలో బ్రాండ్ మేనేజర్‌కి కనిపించేది హెడరూ, టీషర్టూ, నవ్వు మొహమూ. గిన్నె అడుగు మందమెంతో, స్టవ్ వైరు ఎంత సన్నదో ఆ ఫోటోలో పడవు. డబ్బు ఫోటోలో పడే వాటి మీద పెడతారు, పడని వాటి మీద మిగుల్చుకుంటారు.

టేబుల్ సంగతి. ఎక్కువగా వచ్చేది వంపు తిరిగిన ముందుభాగం, వెనక లోపల ఒక అర ఉండే ప్లాస్టిక్ ప్రోమో టేబుల్. వెడల్పు దాదాపు 80 సెంటీమీటర్లు, లోతు 40. ఎత్తు నడుము దగ్గరికి వస్తుంది, హెడర్‌తో కలిపితే రెండు మీటర్లు దాటుతుంది. తేలిగ్గా ఉంటుంది, ఆటోలో పడుతుంది, పది నిమిషాల్లో నిలబడుతుంది. ఇక్కడిదాకా మెచ్చుకోవచ్చు. లోతు 40 మాత్రమే కావడంతో ఇండక్షన్ పెడితే ముందు కప్పులు పేర్చడానికి జానెడు జాగా కూడా మిగలదు. పైపలక పల్చని ప్లాస్టిక్. స్టవ్, నీళ్ల గిన్నె కలిపి ఐదారు కిలోలు పడేసరికి మధ్యలో కుంగుతుంది, వేడికి ఇంకొంచెం మెత్తబడుతుంది. గిన్నె ఒరిగితే మరిగే నీళ్లు ముందు నిలబడ్డ పిల్లల వైపు పోతాయి. పైపలక కొలతకి కోసిన 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క ఒకటి వేస్తే ఈ బెడద తీరుతుంది. హెడర్ కడ్డీలు ఏసీ గాలికి ఊగుతాయి. వెనక గోధుమరంగు టేప్ రెండు చుట్లు చుట్టండి, ముందు నుంచి కనబడదు.

ఇక అసలు తంటా అంతా స్టవ్ దగ్గరే. సంచీలో వచ్చేది 1200 నుంచి 2000 వాట్ల దాకా ఏదైనా కావచ్చు, వెనక స్టిక్కర్ చూడందే ప్లగ్ పెట్టొద్దు. 2000 వాట్లంటే మన 230 వోల్టుల కరెంటు మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. స్టోర్ వాళ్లు చూపించే సాకెట్ సాధారణంగా 6 ఆంపియర్లది. పెద్ద ప్లగ్గుని చిన్న సాకెట్లో దూర్చే కన్వర్టర్ ఒకటి కిట్‌లోనే పెట్టిస్తారు కొందరు. అదే ప్రమాదం. అరగంటకి కన్వర్టర్ పసుపెక్కుతుంది, గంటకి వాసనొస్తుంది. 6 ఆంపియర్ల సాకెట్ తప్ప దిక్కులేనప్పుడు స్టవ్‌ని 1000 వాట్ల మీద పెట్టి అక్కడే ఉంచండి, నాలుగున్నర ఆంపియర్లకి మించదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వైరు చుట్టగా చుట్టి ఉంచి వాడితే లోపల వేడి పోక కరుగుతుంది. పొడుగు ఎక్కువైనా మొత్తం విప్పి, గోడవారగా పరిచి, నడిచే దారి అడ్డమొస్తే టేప్ అంటించండి.

రెండో సంగతి, ఆ సాకెట్ ఏ లైన్ మీద ఉందో. బిల్లింగ్ కౌంటర్ దగ్గరి సాకెట్ కొన్నిచోట్ల యూపీఎస్ (కరెంటు పోయినా కంప్యూటర్లని నడిపే బ్యాటరీ పెట్టె) మీద ఉంటుంది. దానికి ఇండక్షన్ తగిలిస్తే కంప్యూటర్లు ఆగిపోతాయి. ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ లైన్ మీదైతే కంప్రెసర్ ఎక్కినప్పుడల్లా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడుతుంది. ఒకసారి పడితే ఫ్లోర్ మేనేజర్ ఊరుకుంటాడు, రెండోసారికి టేబుల్ ఎత్తేయమంటాడు. టేబుల్ విప్పకముందే స్టోర్ ఎలక్ట్రీషియన్‌ని, ఆయన లేకపోతే హౌస్ కీపింగ్ వాళ్లని అడగండి. ఏ సాకెట్లో ఏముందో వాళ్లకి తెలిసినట్టు మేనేజర్‌కి తెలీదు.

మూడోది గాలి. ఇండక్షన్ అడుగు నుంచి గాలి పీల్చి వెనక నుంచి వదులుతుంది. టేబుల్ మురికి కాకుండా వేసే బ్రాండ్ ఫ్లెక్స్ షీటు అడుగున ఫ్యాన్‌కి అతుక్కుపోతుంది, వెనక ప్యానెల్ వేడిని బయటికి పోనివ్వదు. కాసేపటికి ఎర్రర్ కోడ్ చూపించి ఆగిపోతుంది. చెడిపోయిందని సూపర్వైజర్‌కి ఫోన్లు చేస్తారు గానీ ఫ్లెక్స్ తీసి, వెనక బెత్తెడు జాగా వదిలి, పది నిమిషాలు చల్లారనిస్తే మళ్లీ పనిచేస్తుంది. చవక స్టవ్‌లతో ఇంకో చిక్కుంది. మంట మరీ సన్నగా పెట్టమంటే తగ్గించవు, కాసేపు పూర్తిగా వెలిగి కాసేపు ఆరిపోతాయి. నీళ్లకి ఫరవాలేదు. పాలకి మాత్రం అడుగంటడం ఖాయం, టీ శాంపిల్ చెడేది ఇక్కడే. టీ అయితే ఒకేసారి కాచి ఫ్లాస్కులో పోసి స్టవ్ ఆపేయడం మేలు.

గిన్నె గురించి రెండు ముక్కలు. అడుగుకి అయస్కాంతం అంటుకోవాలి, అంటుకోకపోతే ఇండక్షన్ దాన్ని గుర్తించదు. అడుగు వెడల్పు 12 సెంటీమీటర్లకి తగ్గకూడదు. కిట్‌లో వచ్చే గిన్నె పల్చగా ఉండి మధ్యలోనే కాలుతుంది. హైదరాబాద్ బేగంబజార్లో మందపాటి అడుగున్న రెండు లీటర్ల స్టీలు గిన్నెలు రెండు కొనుక్కుంటే ఏడాదంతా వస్తాయి. రెండెందుకంటే, స్టోర్లో గిన్నె కడగడానికి చోటుండదు. స్టాఫ్ బాత్‌రూమ్ సింక్‌లో తిండి గిన్నె కడిగితే ఎవరైనా ఫోటో తీస్తే పని పోతుంది, తీయకపోయినా అది చేయాల్సిన పని కాదు. మధ్యాహ్నం దాకా ఒకటి, తర్వాత ఒకటి.

కొలతల దగ్గర కిట్‌తో వచ్చే సూచనల కాగితం ఎప్పుడూ తప్పే చెబుతుంది. రోజుకి ఇన్ని కప్పులు అని టార్గెట్ రాస్తారు గానీ ఒక విడతకి ఎన్ని వండాలో రాయరు. నూడుల్స్ తీసుకుందాం. 70 గ్రాముల పాకెట్‌కి 210 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే, ఆవిరి పోగా 240 గ్రాములకి అటూ ఇటూగా తేలుతుంది. కప్పుకి 25 గ్రాముల చొప్పున తొమ్మిది, పది కప్పులు. నాలుగు పాకెట్లు ఒకేసారి వేస్తే నలభై కప్పులవుతాయి కదా అనిపిస్తుంది. కానీ రద్దీ లేని వేళ నలభై కప్పులు అయ్యేసరికి అరగంట పడుతుంది, నూడుల్స్ పది నిమిషాలకే నీళ్లు పీల్చేసి ముద్దగా మారతాయి. ముద్ద తిన్నవాళ్లు పాకెట్ కొనరు. కాబట్టి ఒక విడతకి రెండు పాకెట్లే. 1000 వాట్ల మీద 420 మిల్లీలీటర్లు మరగడానికి మూడు నిమిషాలు, ఉడకడానికి రెండు మూడు. ఒక ఫ్లాస్కులో వేడినీళ్లు సిద్ధంగా ఉంచుకుంటే మొదటి మూడు నిమిషాలూ మిగులుతాయి. వేసేముందే నూడుల్స్‌ని నాలుగు ముక్కలు చేయండి, లేకపోతే కప్పులోంచి పోగులు వేలాడి చీరల మీద, షర్టుల మీద పడతాయి.

టీ, కాఫీ, హెల్త్ డ్రింకులకి 45 మిల్లీలీటర్ల కప్పు తీసుకుని 30 పోయండి. లీటరుకి 33 కప్పులు లెక్క. కిట్‌లో తరచూ 30 మిల్లీలీటర్ల కప్పులే వస్తాయి, అంచుదాకా పోస్తే వేళ్లు కాలతాయి, సగం పోస్తే పిసినారితనంలా ఉంటుంది. పాలు పోసిన టీ ఫ్లాస్కులో రెండు గంటలు దాటితే కాగిన వాసన వస్తుంది. మిగిలినా పారబోసి కొత్తది కాయండి. చక్కెర లేని ఫ్లాస్కు ఒకటి వేరుగా ఉంచితే దాని దగ్గరే ఎక్కువ మంది ఆగుతారు. షుగర్ ఉన్నవాళ్లు ఏ ఇంట్లో లేరు కనుక.

పొడులూ, పచ్చళ్ల దగ్గర కిట్ చేతులెత్తేస్తుంది. చెంచాతో ఆవకాయ నాకించి కొనమంటే ఎవరు కొంటారు? ఉప్పూ కారమూ తప్ప ఇంకేం తెలీదు. అన్నం ఉండాలి. కానీ వండిన అన్నం ఏసీలో గంటకే పైన బిరుసెక్కుతుంది. తడి బట్ట కప్పిన డబ్బాలో కొద్దికొద్దిగా ఉంచాలి, లేదా అన్నం మానేసి మరమరాలు వాడాలి. బొరుగులు, పొడి, నాలుగు చుక్కల నూనె, కప్పుకి రెండు చెంచాలు. నల్లకారం, కరివేపాకు పొడి, కందిపొడి లాంటివాటికి ఇది బ్రహ్మాండంగా కుదురుతుంది. ఒక్కసారే కలిపేస్తే మెత్తబడతాయి, పది కప్పులకి సరిపడానే కలపండి. నెయ్యి వేయాలంటే ఇంకో చిన్న ఏర్పాటు కావాలి. స్టోర్ చల్లదనానికి నెయ్యి పూసకడుతుంది, అందుకని నెయ్యి గిన్నెని వేడినీళ్ల కప్పులో కూర్చోబెట్టాలి. మామూలు పేపర్ కప్పు నూనెకి అడుగున తడుస్తుంది, లోపల పూత ఉన్నదే అడగండి.

చికెన్ నగ్గెట్స్, సాసేజ్‌లు, పనీర్, చీజ్, పెరుగు లాంటి చల్లని సరుకుకి ఈ కిట్ అసలు పనికిరాదు, ఐస్ బాక్స్ ఉండదు కనుక. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ క్యాటరింగ్ తనిఖీ పట్టిక ప్రకారం చల్లగా వడ్డించేది 5 డిగ్రీలు దాటకూడదు, వేడిగా ఉంచే శాకాహారం 65, మాంసాహారం 70 డిగ్రీలకి తగ్గకూడదు. స్టవ్ ఆపేసిన పెనం మీద నగ్గెట్లు కాసేపట్లోనే ఆ లెక్క తప్పుతాయి. ఫ్రీజర్లోంచి సగం పాకెట్ మాత్రం బయటికి తీయండి, కరిగింది మళ్లీ ఫ్రీజర్లో పెట్టొద్దు. వేయించాక మధ్యలో వేడి 75 దాటిందా లేదా అన్నది రంగు చూసి చెప్పలేం. మొన ఉన్న డిజిటల్ థర్మామీటర్ రెండు మూడు వందల్లో దొరుకుతుంది. ఏజెన్సీ ఇవ్వదు, అడిగితే వింతగా చూస్తారు, అయినా కొనుక్కోండి. ఒకే టేబుల్ మీద వెజ్, నాన్ వెజ్ రెండూ పెట్టమని ఒత్తిడి చేస్తే ఒప్పుకోవద్దు. పట్టుకారు మార్చానని ఎంత చెప్పినా చూసినవాళ్లు నమ్మరు, నమ్మాల్సిన అవసరమూ వాళ్లకి లేదు.

కిట్‌లో ఇంకా ప్లాస్టిక్ చెంచాలు వస్తుంటే పక్కన పెట్టేయండి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులు, కప్పులు, ప్లేట్లు దేశమంతా నిషేధం. చెక్క చెంచాలే సరి. టూత్‌పిక్ పెద్దవాళ్లకే ఇవ్వండి, చిన్నపిల్లలకి వద్దు. సాసేజ్‌ని గుండ్రటి బిళ్లలుగా కోస్తే పిల్లల గొంతుకి సరిగ్గా అడ్డం పడే ఆకారం అది. నిలువుగా చీల్చి కోయండి. పిల్లలు చెయ్యి చాపితే ముందు పక్కనున్న అమ్మనో నాన్ననో అడగాలి. వేరుశనగ, పాలు, గుడ్డు పడని పిల్లలు ఉంటారు. ఒక పాకెట్ వెనకవైపు తిప్పి టేబుల్ మీద పెడితే చదివేవాళ్లు చదువుకుంటారు.

గ్లౌజుల గురించి ఒక్క మాట. పాలిథిన్ గ్లౌజు వేడి పెనానికి తగిలితే చర్మానికి అతుక్కుంటుంది. వంటకి ఉత్త చేతులు, సబ్బుతో కడిగినవి. అందివ్వడానికి గ్లౌజులు. గ్లౌజు చేత్తోనే ఫోన్ తీసి ఫోటో పంపితే అది వేసుకున్నా వేసుకోనట్టే.

సంచీలో లేనివి, మీరే తెచ్చుకోవాల్సినవి: వంటింటి కత్తెర (చాకుని సెక్యూరిటీ లోపలికి రానివ్వకపోవచ్చు, కత్తెరతో పాకెట్లూ సాసేజ్‌లూ బ్రెడ్డూ అన్నీ అవుతాయి), రెండు నూలు బట్టలు, ఎంగిలి కప్పులకి మూతలేని బుట్ట, టిష్యూలు. న్యూస్‌పేపర్‌లో తిండి పెట్టొద్దు, ఎఫ్ఎస్ఎస్ఏఐ దానికి ఒప్పుకోదు. ఇవన్నీ లోపలికి తెచ్చేటప్పుడు గేటు దగ్గర రిజిస్టర్లో రాయించుకోండి. రాయించకపోతే రాత్రి బయటికి వెళ్లేటప్పుడు మీ గిన్నె మీదేనని నిరూపించుకోవాల్సి వస్తుంది.

బుట్ట ఎక్కడ పెడతారన్నది చిన్న విషయం కాదు. టేబుల్ పక్కనే పెడితే జనం అక్కడే గుమిగూడి వెనకవాళ్లకి దారి ఉండదు. దూరంగా పెడితే కప్పులు అరల్లో బియ్యం సంచుల మధ్య దొరుకుతాయి. సరుకు పేర్చిన అరకి అవతలి కొసన పెట్టండి. తింటూ నాలుగడుగులు వేసేవాళ్లు ఆ సరుకు ముందు నుంచే పోవాలి. టేబుల్ కూడా గుమ్మం ఎదురుగా పెట్టమంటారు, ఫోటో బాగా వస్తుందని. గుమ్మంలో అందరూ ఇంకా బండి వెతుక్కుంటూనో, ఫోన్ మాట్లాడుతూనో ఉంటారు. పప్పులు, నూనెల వరుస చివర అయితే జనం నెమ్మదిగా కదులుతారు. పిలవడంలో కూడా పొదుపుండాలి. 'మేడం, ఒకసారి రుచి చూడండి' చాలు. వయసుతో పనిలేకుండా 'ఆంటీ' అన్నారో, సగం మంది వినిపించుకోకుండా పోతారు.

ఎనిమిది, తొమ్మిది గంటలు నిలబడే పని ఇది, కిట్‌లో స్టూల్ ఉండదు. దుకాణాల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వీలుండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. మన దగ్గర స్టూల్ కావాలంటే మేనేజర్‌ని మంచి చేసుకోవడం మేలు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా ఎలాగూ జనం పల్చగా ఉంటారు, అప్పుడు అడిగితే కాదనరు.

లెక్కల కాగితం దగ్గర జాగ్రత్త. పొద్దున ఓపెనింగ్ స్టాక్, రాత్రి క్లోజింగ్ స్టాక్, శాంపిల్‌కి వాడిన పాకెట్లు, అమ్ముడైనవి, ఈ నాలుగూ కలవాలి. కలవకపోతే తేడా మీ రోజు కూలిలోంచి కోస్తారు. శాంపిల్ కోసం వచ్చిన పాకెట్ల మీద అమ్మకానికి కాదని స్టిక్కర్ ఉందో లేదో చూసుకోండి. అవి అయిపోయి అరలోంచి తీయాల్సి వస్తే ముందు మేనేజర్ సంతకం, తర్వాతే కత్తెర. హాజరు కాగితం మీద స్టోర్ ముద్ర వేయించి ఫోటో తీసి ఉంచుకోండి. డబ్బు నెలా నెలన్నర తర్వాత వచ్చే పని కాబట్టి అప్పటికి సూపర్వైజర్ మారినా ఆ ఫోటో ఉంటుంది. టీడీఎస్ (మీకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తామంటే ఎంత శాతమో పని ఒప్పుకునే ముందే అడిగి, అది మీ పాన్ నంబరు మీద జమ పడిందో లేదో తర్వాత చూసుకోండి.

రోజులు ఎంచుకునే వీలుంటే ఒకటో తారీకు నుంచి పదో తారీకు లోపు వచ్చే శని, ఆదివారాలు తీసుకోండి. నెల సరుకులు కొనేది అప్పుడే, ఇన్సెంటివ్ వచ్చేదీ అప్పుడే. నెలాఖరులో వచ్చేవాళ్లు తిని మెచ్చుకుంటారు, బండిలో మాత్రం పాలూ కూరగాయలే ఉంటాయి. ఇక చికెన్ సరుకు శనివారం పెట్టారంటే ఆ ప్లాన్ వేసినవాళ్లు మన ఊళ్లో ఎప్పుడూ నిలబడలేదన్నమాట. వెంకటేశ్వరస్వామి వారమని ఎన్నో ఇళ్లలో శనివారం నీసు ముట్టరు. కార్తీకమాసం, అయ్యప్ప దీక్షలు కలిసొచ్చాయంటే ఆదివారం కూడా అంతంతమాత్రమే. అలాంటి వారాలకి టార్గెట్ సగం చేయమనండి, కుదరదంటే టీ, నెయ్యి, పొడుల టేబుల్ అడగండి. అదీ లేకపోతే ఆ రెండు రోజులూ వేరేవాళ్లకి వదిలేయండి.